సమ్మయ్య పెద్ద ఓటు

శాసనసభ నడిచే రోజుల్లో మొర్రిగూడెం గేటు దగ్గర పొద్దుటి బస్సు రెండు నిమిషాలు ఎక్కువ ఆగుతుంది. ఆ దారిన తిరిగే డ్రైవర్లందరికీ ఈ సంగతి తెలుసు. గేటంటే అడవిశాఖ వారు రోడ్డుకు అడ్డంగా పెట్టిన ఒక పొడుగాటి వెదురు గడ. దాని మొదట్లో బండరాయి కట్టి ఉంటుంది. కొసకు కట్టిన తాడు వాచర్ సమ్మయ్య ఎడమచేతిలో ఉంటుంది. తాడు వదిలితే చాలు, గడ దానంతటదే పైకి లేస్తుంది. కానీ సమ్మయ్య కుడిచేతిలో నిన్నటి పేపరుంటుంది. మూడో పేజీలో ఏదో ఒక బిల్లు మీద చర్చ సగంలో ఉండగా తాడు వదలడం అతనివల్ల అయ్యే పని కాదు.

"ఏమైంది సమ్మన్నా, పాసయిందా బిల్లు?" అని డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి అడుగుతాడు.

"లేదు. సెలెక్టు కమిటీకి పోయింది," అంటాడు సమ్మయ్య, ఆ కమిటీలో తనకూ ఒక కుర్చీ వేసినట్టు.

"మరి మేం పోవచ్చునా?"

అప్పటికి పేరా అయిపోతుంది. గడ లేస్తుంది.

ఆ పేపరు సమ్మయ్య కొన్నది కాదు. గేటు పక్కనే టీ హోటలు నడిపే చెంచురామయ్యది. ఆయన మధిర అవతల నుంచి వచ్చి, పదెకరాలు కౌలుకు చేసి, అది అచ్చిరాక హోటలు పెట్టుకున్న మనిషి. ఖమ్మం నుంచి సాయంత్రం బస్సులో వచ్చిన పేపరు హోటలు బల్లల మీద తిరిగి తిరిగి, నాలుగు టీ మరకలు వేయించుకుని, మర్నాటి పొద్దుటికి సమ్మయ్యకు దక్కుతుంది. సినిమా పేజీ అప్పటికే ఎవరో చింపుకుపోయి ఉంటారు. అసెంబ్లీ పేజీ మాత్రం నలగకుండా వస్తుంది. దాన్ని చదివేవాడు ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు మరి.

సమ్మయ్యకు ఈ చదువు పిచ్చి ఊరికే పట్టలేదు. దాని వెనక ఒక జీపుంది.

డెబ్బై నాలుగులో ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆ జీపు గేటు దగ్గర ఆగింది. శాసనమండలికి పట్టభద్రుల సీటులో పోటీ చేస్తున్న ఒక పెద్దమనిషి అందులో ఉన్నాడు. చెంచురామయ్య హోటలు ముందు పద్నాలుగు మంది కూర్చుని ఉన్నారు. జీపులోంచి ఒకతను, "ఈ ఊళ్లో బి.ఏ. చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

"బి.ఏ. ఎక్కడిదండీ బాబూ, అందరం వేలిముద్రలమే," అన్నాడు చెంచురామయ్య.

"అయితే ఇక్కడ ఓటర్లు లేరన్నమాట. పోనీయ్," అన్నాడు లోపలి పెద్దమనిషి. జీపు ఇంజను కూడా ఆపలేదు. సమ్మయ్య తాడు వదిలాడు, గడ లేచింది, పద్నాలుగు మంది మీదా దుమ్ము పడింది.

ఆ దుమ్ము దులుపుకుని మిగతావాళ్లు టీ తాగారు. సమ్మయ్యకు మాత్రం అది వదల్లేదు. తను పి.యు.సి. దాకా చదివినవాడు. ఆ గూడెంలో అంతవరకు చదివిన కోయపిల్లవాడు మొదట అతనే. పద్నాలుగు మంది ఎదురుగా కూర్చుని ఉంటే ఓటర్లు లేరనడం ఏమిటి? ఎప్పటికైనా అటువంటి జీపు ఒకటి ఈ గేటు దగ్గర ఆగాలి, ఇంజను ఆపాలి, లోపలి మనిషి కిందికి దిగి "సమ్మయ్యగారూ, మీ ఓటు" అని అడగాలి. అంతే అతని కోరిక. భార్య చిన్నక్కతో చెప్పాడు.

"ఆ ఒక్క ముచ్చటకు బి.ఏ. చదువుతవా?" అంది ఆమె.

"అవ్."

"మా నాయన ఒక్క ఎద్దు కోసం ఏడు గూడేలు తిరిగిండు. గదే నయ్యం, ఎద్దు దున్నుతది."

సమ్మయ్య ప్రైవేటుగా బి.ఏ. కట్టాడు. గేటు దగ్గర లారీలు రాని మధ్యాహ్నాలు పుస్తకాలు ముందేసుకునేవాడు. పరీక్షలు ఖమ్మంలో. తెలుగు, చరిత్ర సులువుగానే దాటాయి గాని ఇంగ్లీషు రెండుసార్లు వెనక్కి పంపింది. మొదటిసారి జూపార్కు మీద వ్యాసం రాయమన్నారు. బోనులో పులిని ఎన్నడూ చూడని సమ్మయ్య, పులి దూడను ఎట్లా ఈడ్చుకుపోతుందో నాలుగు పేజీలు రాసివచ్చాడు. రెండోసారి ఏం అడిగారో అతనికే అర్థం కాలేదు. మూడోసారి, ఎనభై ఒకటిలో, పాసయ్యాడు.

గూడెమంతా సంబరపడింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. పట్టభద్రుల ఓటుకు పేరెక్కాలంటే పట్టా చేతికొస్తే చాలదట. వచ్చి మూడేళ్లు నిండాలట.

చెంచురామయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "బాగుందయ్యా సమ్మయ్యా! మూడేళ్లు మాగబెడితే గాని నీ చదువు పనికిరాదంటారా?"

గూడెం పెద్ద పగిడయ్య మాత్రం నవ్వలేదు. ఆయన సమ్మయ్యకు మేనమామ. కోయగూడేల్లో కొత్తగా కాసినదేదైనా, చిక్కుడుకాయ కానీ మామిడిపండు కానీ, కొత్తల పండుగ చేసి వేల్పుకు పెట్టందే ఎవరూ నోట పెట్టరు. ఆయనకు ఇందులో వింతేమీ కనబడలేదు.

"ఇందుల నవ్వేటందుకు ఏమున్నది?" అన్నాడు. "చిక్కుడుకాయ తీగెకు ఏలాడ్తనే ఉంటది. కొత్తల పండుగ గాకముందు తింటమా? సర్కారోళ్లు గూడ గంతే. ఇన్నొద్దులకు ఒక్కటన్న తెలివిగల్ల పని జేసిన్రు."

ఆనాటి నుంచి సమ్మయ్య ఎదురుపడితే గూడెంలో పలకరింపు ఒకటే. "ఏందిరా, నీ బి.ఏ.కు కొత్తలెప్పుడు?"

రెండేళ్లు గడిచాయి. ఎనభై మూడులో ఒకరోజు పొద్దున్నే చెంచురామయ్య పేపరు హోటల్లో తిప్పకుండానే పట్టుకొచ్చి సమ్మయ్య ముందు పరిచాడు. అసలు శాసనమండలే వద్దని శాసనసభ తీర్మానం చేసింది.

సమ్మయ్య ఆ వార్త రెండుసార్లు చదివాడు. పొద్దుటి బస్సు ఆరోజు ఐదు నిమిషాలు ఆగింది.

"అయిపోయింది నీ ఓటు," అన్నాడు చెంచురామయ్య. పాపం, ఆయన గొంతులో వెటకారం కన్నా జాలే ఎక్కువగా ఉంది. "అయినా ఆ మండలి దేనికయ్యా? ఒక సభ చాలదా?"

"గట్ల కాదు సేటూ. కింది సభోళ్లు తొందరపడ్డకాడ పైసభోళ్లు ఇంకోపారి ఆలోచన జేస్తరు. మందిని చూసి చెయ్యెత్తుడు వేరు, నిదానంగ చూసుడు వేరు."

"ఇంక ఎవరూ చూసేదిలేదులే. తీర్మానం అయిపోయిందిగా."

సమ్మయ్య పేపరు మడిచాడు. "మన గేటు దాటంగనే కలప లారీ హైదరాబాదుల ఉంటదా? ముంగట ఇంకెన్ని గేట్లు లేవు! ఈ తీర్మానం ఢిల్లీ పోవాలె. ఆడ రెండు సభలు దాటాలె. రాష్ట్రపతి సంతకం గావాలె. ఢిల్లీ గేటు అంత జల్దీ లేవది."

అతను చెప్పినట్టే అయింది. తీర్మానం ఢిల్లీలో పడి ఉంది. నెలలు గడిచాయి, ఏడాది గడిచింది, కదల్లేదు. ఢిల్లీ బద్ధకం మీద అంత నమ్మకం పెట్టుకున్న మనిషి ఆ అడవిలో మరొకడు లేడు. "ఏమైనా కదిలిందా?" అని చెంచురామయ్య అడిగితే, "లారీ ఆన్నే ఉన్నది," అని తృప్తిగా చెప్పేవాడు.

ఎనభై నాలుగు మొదట్లోనే మూడేళ్లూ నిండాయి. సమ్మయ్య ఫారం తెచ్చి గుండ్రటి అక్షరాలతో నింపాడు. పట్టా నకలు మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావాలి. పద్ధతి ప్రకారం పైకి అర్జీ పెట్టుకున్నాడు. అది మెట్టుమెట్టూ ఎక్కి, ఐదు నెలలు ఊరేగి, ఒక ముక్కతో వెనక్కొచ్చింది: "వాచరుకు బి.ఏ. ఎందులకో సంజాయిషీ ఇవ్వవలెను."

గెజిటెడ్ ఆఫీసర్లు ఆ గేటు గుండా పోకపోలేదు. వారానికి ఒక జీపైనా పోతుంది. సమ్మయ్య తాడు వదిలి సెల్యూటు కొడతాడు. నకలు చొక్కా జేబులోనే ఉంటుంది. నోరు మాత్రం లేవదు. రెండు సభల విధివిధానాలు కంఠతా వచ్చిన మనిషికి "సారూ, ఒక్క సంతకం" అనే మూడు మాటలు రావు. ఆ జేబులో నకలు చెమటకు తడిసి, ఆరి, అప్పడంలా తయారైంది.

అంతలో భూమి పండుగ వచ్చింది. తొలకరికి ముందు వచ్చే ఈ పండుగకు మగవాళ్లు అడవికి వేటకు పోతారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా తాడో గడో పెట్టి, వచ్చే పోయే బండ్లను ఆపి, ఆడి పాడి పండుగ పైసలు అడుగుతారు. వేట నుంచి ఉత్తచేతులతో వచ్చిన మగవాడి మీద పేడనీళ్లు గుమ్మరిస్తారు. మొర్రిగూడెం ఆడవాళ్లకు గడ వెతుక్కునే శ్రమ లేదు. సర్కారు గేటే ఉంది. పండుగ మూడురోజులూ తాడు సమ్మయ్య చేతిలోంచి పగిడయ్య భార్య జంపక్క చేతిలోకి పోతుంది. డ్యూటీ వదిలి వేటకు పోలేని సమ్మయ్య ప్రతి ఏడూ పేడనీళ్లు పోయించుకుంటాడు. ఆ మూడురోజులకని పాత యూనిఫాం ఒకటి విడిగా దాచిపెట్టుకున్నాడు కూడా.

ఆ ఏడు పండుగ రెండోరోజున ఒక పెద్ద ఆఫీసరు జీపు వచ్చింది. ఏ శాఖవారో ఎవరికీ తెలియదు. ఆడవాళ్లు చుట్టూ చేరి పాట ఎత్తుకున్నారు. ఆఫీసరు నవ్వుతూ జేబులో చెయ్యి పెట్టాడు. జంపక్క అడ్డంగా తలూపింది.

"పైసలు వద్దు సారూ. మా పిలగానికి సంతకం గావాలె."

పిలగాడెవరా అని ఆఫీసరు చుట్టూ చూశాడు. నలభై ఒక్క ఏళ్ల సమ్మయ్య సెల్యూటు కొట్టిన చెయ్యి దించడం మర్చిపోయి నిలబడి ఉన్నాడు.

"దేనికి సంతకం?"

"పెద్ద ఓటుకు," అంది జంపక్క. పట్టభద్రుల ఓటుకు గూడెం పెట్టుకున్న పేరది. "మూడేండ్లు అయింది సారూ. కొత్తలు దాటినయి."

ఆఫీసరుకు ఏమీ అర్థం కాలేదు. సమ్మయ్య అప్పడంలాంటి నకలు తీసి రెండు చేతులతో అందించాడు. ఆఫీసరు దాన్ని చదివి, అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, డ్రైవరును ఇంజను ఆపమన్నాడు. బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేసి, సంచిలోంచి ముద్ర తీసి కొట్టాడు.

జీపు పోయాక జంపక్క పేడనీళ్ల కుండను పక్కకు నెట్టింది. "ఈ ఏడు మావోనికి పేడనీళ్లు లేవు. జీపును పట్టిండు," అంది. మళ్లీ ఏదో గుర్తొచ్చి వెనక్కి తిరిగింది. "అల్లుడూ, ఒక ముచ్చట అడుగుత. నీది పెద్ద ఓటయితే మాది చిన్నదా?"

అసెంబ్లీ మీద ఎవరేమడిగినా జవాబు సిద్ధంగా ఉండే సమ్మయ్య, సిరా ఆరడానికని నకలు మీద ఊదడం మొదలుపెట్టాడు.

చలికాలంలో జాబితా వచ్చింది. తాలూకా ఆఫీసు గోడకు అంటించిన కాగితంలో వరుస సంఖ్య రెండువందల పన్నెండు దగ్గర అతని పేరు, పక్కనే బి.ఏ., ఆ పక్కనే వాచర్ అని ఉన్నాయి. సమ్మయ్య అక్కడ నిలబడి, మిగతా రెండువందల పదకొండు పేర్లూ చదివాడు. ప్లీడర్లు, లెక్చరర్లు, ఒక కో-ఆపరేటివ్ మేనేజరు. గుమాస్తాను బతిమాలి ఆ పేజీ నకలు తెచ్చుకుని ట్రంకుపెట్టెలో చిన్నక్క పెళ్లిచీర మడతల్లో పెట్టాడు. తన లెక్క ప్రకారం ఆ సీటుకు ఎన్నిక ఇంకో ఏడాదిన్నరలో రావాలి.

ఎనభై ఐదు ఎండాకాలంలో కొత్తగా కూర్చున్న శాసనసభ ఆ తీర్మానాన్నే మళ్లీ చేసింది. సమ్మయ్య కంగారుపడలేదు. మన గేటు దాటితేనేం, ఢిల్లీ ఉంది కదా అనుకున్నాడు. రెండేళ్లు తాడు బిగబట్టుకుని కూర్చున్న ఢిల్లీ ఈసారి నెల తిరక్కుండా గడ ఎత్తేసింది. అక్కడి రెండు సభలూ సరేనన్నాయి. సంతకమూ అయింది. జూన్ ఒకటో తారీఖున మండలి రద్దయిపోయిందని చెంచురామయ్య హోటలు రేడియో చెప్పింది. చెంచురామయ్య రేడియో కట్టేసి, అడక్కుండానే ఒక టీ తెచ్చి సమ్మయ్య పక్కన పెట్టాడు. ఆ పూట పొద్దుటి బస్సు ఒక్క నిమిషం కూడా ఆగలేదు. గడ ముందే లేచి ఉంది. డ్రైవరు వింతగా చూస్తూ వెళ్లిపోయాడు.

అదే వారంలో భూమి పండుగ. సాయంత్రం వేటవాళ్లు తిరిగొచ్చారు. ఆడవాళ్లు కుండలు పట్టుకుని నిలబడ్డారు. ఉత్తచేతులవాళ్ల మీద పేడనీళ్లు పడ్డాయి, నవ్వులు లేచాయి. జంపక్క గేటు దగ్గరికి వచ్చింది.

"ఏమల్లుడూ, ఈ ఏడేం పట్టినవ్?"

సమ్మయ్య పాత యూనిఫాంలో సిద్ధంగా నిలబడ్డాడు. "పొయ్యత్తా. పట్టిందిగూడ పోయింది."

జంపక్క కుండ ఎత్తింది. అతని మొహం చూసింది. కుండ కింద పెట్టేసి, "పేడ పలసనైంది," అని వెళ్లిపోయింది.

పండుగ అయిన నాలుగోరోజు బోరు వేసే లారీ గేటు దగ్గరికొచ్చి నిలబడింది. మొర్రిగూడేనికి ఒక బోరు మంజూరైంది. గూడెంలో రెండు గుంపులు. గేటును ఆనుకుని మీది గుంపు, వాగు వైపు కింది గుంపు. నీళ్లు చూసే ఆయన రెండు చోట్లా రాయి పాతి, "ఎక్కడైనా పడొచ్చు, తేల్చుకోండి" అని వెళ్లిపోయాడు. లారీ డ్రైవరు గంటలో తేల్చకపోతే పక్క ఊరికి పోతానన్నాడు.

పగిడయ్య గేటు పక్కనే అందరినీ కూర్చోబెట్టాడు. వాదించుకున్నారు, తిట్టుకున్నారు, ఆఖరికి చేతులెత్తమన్నాడు. మీది గుంపుకు ఇరవై నాలుగు. అందులో అందరికన్నా పైకి లేచిన చెయ్యి చిన్నక్కది. ఆమె ఇల్లు ఆ రాయికి ఇరవై అడుగుల దూరం. కింది గుంపుకు ఇరవై మూడు.

"అయిపోయింది. మీదనే," అంది చిన్నక్క.

"ఆగు," అన్నాడు పగిడయ్య. "సమ్మిగాడు ఎత్తలే."

"నేను డ్యూటీల ఉన్న మామా. సర్కారు నౌకరును. నాకొద్దు."

"నౌకరువయితే ఓటు లేదా? నీ దగ్గర పెద్ద ఓటున్నది. మూడేండ్లు కొత్తలు గాసినవ్, ఒక్కపారి గూడ ముట్టలే. అది ఇయ్యాల ఎయ్యి."

"అది చెల్లదు మామా. మండలి రద్దయింది."

"ఢిల్లీల రద్దయింది. మొర్రిగూడెంల ఎవడు రద్దు జేసిండు?"

"చట్టం ప్రకారం..."

"చెల్లుతదో చెల్లదో నీళ్లు పడ్డంక చూద్దాం. ఎయ్యి."

చెంచురామయ్య హోటల్లోంచి బయటికొచ్చాడు. లారీ డ్రైవరు కూడా క్యాబిన్ దిగాడు. చిన్నక్క మొగుడి వైపు ధీమాగా చూస్తోంది. సమ్మయ్య రెండు రాళ్లనూ చూశాడు. మీది గుంపుకు పాతబావి ఒకటుంది. నీళ్లు తక్కువే, అయినా ఉన్నాయి. కింది గుంపువాళ్లు వేసవంతా వాగులో చెలిమలు తవ్వుకుని చిప్పలతో తోడుకుంటారు. ఈ సంగతి గేటు దగ్గర కూర్చుని రోజూ చూసేది తనే. మందిని చూసి చెయ్యెత్తుడు వేరు, నిదానంగా చూసుడు వేరు అని చెంచురామయ్యకు చెప్పిందీ తనే.

"ఎట్లెయ్యాలె మామా?" అన్నాడు మెల్లగా.

"ఎట్లేంది?" జంపక్క అందుకుంది. "మాది చిన్న ఓటు, ఒక్క చెయ్యి. నీది పెద్దది గదా. రెండు చేతులెత్తు."

సమ్మయ్య తాడును గుంజకు కట్టేశాడు. కింది గుంపు వైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తాడు. దుంగలతో దొరికిపోయిన కలపదొంగ లొంగిపోతున్నట్టు ఉంది అతని వాలకం. కళ్లు మాత్రం గట్టిగా మూసుకున్నాడు, చిన్నక్క మొహం కనబడకుండా.

"ఇరవై అయిదు," అన్నాడు పగిడయ్య.

లారీ వాగు వైపు కదిలింది. ఇంజను ఆపి మరీ ఎదురుచూసి, తన ఓటు విని కదిలిన బండి అదొక్కటేనని సమ్మయ్యకు తర్వాత తట్టింది. ఆ మాట చిన్నక్కతో చెప్పుకుందామంటే ఆమె పది రోజులు మాట్లాడలేదు. పదకొండో రోజు మాట్లాడింది గాని, ఆ మాటలు ఇక్కడ రాసేవి కావు.

తొంభైలో శాసనసభ మళ్లీ ఒక తీర్మానం చేసింది, ఈసారి మండలి కావాలని. సమ్మయ్య ట్రంకుపెట్టె తెరిచి రెండువందల పన్నెండో నంబరున్న కాగితం తీసి దులిపాడు. "లారీ బయల్దేరింది సేటూ," అని చెంచురామయ్యతో చెప్పాడు. అది ఢిల్లీ దారిలో ఏ గేటు దగ్గర ఆగిపోయిందో తెలియదు. ఆరేళ్లయింది. పొద్దుటి బస్సు డ్రైవర్లు మారారు. కొత్తవాళ్లు కూడా ఆ రెండు నిమిషాలకు అలవాటు పడ్డారు.

సమ్మయ్యకు ఇప్పుడు యాభై మూడేళ్లు. అదే గేటు, అదే ఉద్యోగం. పాతబావి పూడిపోయింది. చిన్నక్క రోజూ పొద్దున రెండు బిందెలు తీసుకుని కింది గుంపు బోరింగు దాకా నడిచిపోయి నీళ్లు తెచ్చుకుంటుంది.